ఎంపిక అంటే ఏమిటి? ప్రైవేట్ ఈక్విటీ కొలువులు, మన ఆడపిల్లలు

రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబాలలో గడచిన ఇరవై సంవత్సరాలలో ఒక పెద్ద మార్పు వచ్చింది. తుగ్లకాబాద్ రైల్వే కాలనీలోను, రామకృష్ణాపురం, సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టర్లలోను పెరిగిన ఆడపిల్లలు నేడు చార్టర్డ్ అకౌంటెన్సీ, ఎం.బి.ఏ. వంటి చదువులు ముగించుకొని, గురుగ్రామ్ అద్దాల మేడలలోని ఆర్థిక సంస్థలలో ఉద్యోగాలకు వెళుతున్నారు. తండ్రి ఆర్.ఎం.ఎస్.లో సార్టరు, కుమార్తె వేల కోట్ల రూపాయల నిధిని నడిపే సంస్థలో అనలిస్టు. ఇది మనమందరము సంతోషించవలసిన విషయం. అయితే ఇటీవల సభ్యులు మా కార్యాలయానికి వచ్చి తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. "అమ్మాయికి రెండు మూడు చోట్ల నుండి పిలుపు వచ్చింది. అందులో ఒకటి ప్రైవేట్ ఈక్విటీ సంస్థ. జీతం బాగా ఎక్కువ. కాని అక్కడ పై స్థానాలలో ఉన్నవారందరూ మగవారేనట. చేరమని చెప్పాలా, వద్దని చెప్పాలా?"

ఈ ప్రశ్నకు "చేరమనండి" అనిగాని, "వద్దనండి" అనిగాని మేము బదులు చెప్పలేదు. ఆ నిర్ణయం ఆ అమ్మాయిది. మేము చెప్పదలచినది వేరొకటి. తెలియని రెండింటిలో ఒకదానిని పట్టుకోవడం ఎంపిక కాదు, లాటరీ. జీతమెంత, పదోన్నతి ఎట్లా, ప్రసూతి సెలవు అనంతరం తన స్థానమేమిటి, అన్యాయం జరిగితే ఎవరితో చెప్పుకోవాలి అనే విషయాలు ముందుగా తెలిసినప్పుడే ఆమె నిజంగా ఎంచుకొన్నట్లు. ఆ సమాచారం ఆమె చేతికి అందేటట్లు చేయడం ఒక అమ్మాయి తెలివితేటలకు వదిలిపెట్టవలసిన పని కాదు. అది సంఘటితంగా సాధించవలసిన హక్కు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? అది పెట్టుబడిదారుల కొలువు. నెలకు లక్షలు పుచ్చుకొనేవారి బాధలు ట్రాక్‌మన్‌కు, పోస్ట్‌మన్‌కు ఎందుకు?" అని కొందరు మిత్రులు అనవచ్చు. ఈ ఆక్షేపణను మేము తేలికగా తీసివేయడం లేదు. దీనికి సమాధానం చెప్పాలంటే ముందుగా ఈ ప్రైవేట్ ఈక్విటీ అంటే ఏమిటో తెలుసుకోవాలి.

ప్రైవేట్ ఈక్విటీ సంస్థ సొంత సొమ్ముతో వ్యాపారం చేసేది కాదు. పింఛను నిధులు, బీమా సంస్థలు, విశ్వవిద్యాలయాల నిధులు, సంపన్న కుటుంబాలు ఇచ్చిన సొమ్మును పోగుచేసి ఒక నిధిగా ఏర్పరుస్తుంది. ఆ నిధి సాధారణంగా పది సంవత్సరాల కాలానికి ఏర్పడుతుంది. ఆ సొమ్ముతోను, తరచుగా దానికి తోడు అప్పుతోను కంపెనీలలో వాటాలు కొని, నాలుగైదు లేక ఆరేడు సంవత్సరాలు నడిపించి, ఎక్కువ ధరకు అమ్ముతుంది. ప్రపంచమంతటా ఈ వ్యాపారంలో వాడుకగా ఉన్న లెక్క ఏమనగా, నిధి మొత్తంపై ఏటా ఇంచుమించు నూటికి రెండు వంతులు నిర్వహణ రుసుము. లాభం వస్తే అందులో ఇంచుమించు నూటికి ఇరవై వంతులు. ఈ రెండవ దానిని వారు 'క్యారీ' అంటారు. మన దేశంలో ఈ నిధులు సెబీ 2012లో చేసిన ప్రత్యామ్నాయ పెట్టుబడి నిధుల నిబంధనల క్రింద, రెండవ తరగతిలో నమోదవుతాయి. వీటిలో పెట్టుబడి పెట్టదలచినవారు సాధారణంగా కోటి రూపాయలకు తక్కువ కాకుండా పెట్టాలి. అనగా ఇది సామాన్యుడు అడుగుపెట్టే బజారు కాదు.

కాని ఆ బజారులో జరిగే క్రయవిక్రయాలు సామాన్యుని ఇంటి గడప వరకు వస్తాయి. హైదరాబాదులోని కేర్ ఆసుపత్రుల ఉదాహరణ తీసుకొనండి. మన సభ్యులలో అనేకులకు పేరు తెలిసిన ఆసుపత్రులే అవి. కొన్ని సంవత్సరాలుగా ప్రైవేట్ ఈక్విటీ సంస్థల చేతులు మారుతూ, 2023లో బ్లాక్‌స్టోన్ సంస్థ ఆధీనంలోకి వచ్చాయి. ఆసుపత్రిలో నర్సులు ఎందరుండాలి, ఏ విభాగాన్ని పెంచాలి, దేనిని తగ్గించాలి అన్నదానిపై చివరి మాట యజమానిదే. ఏ ఆసుపత్రిలోనైనా నర్సులలో అధిక సంఖ్యాకులు స్త్రీలు. వారి భవిష్యత్తును నిర్ణయించే బల్ల చుట్టూ ఒక్క స్త్రీ కూడా లేకపోతే, అది ఆ కొలువులో చేరే నలుగురు అమ్మాయిల సమస్య మాత్రమే కాదు. స్త్రీలు కూర్చున్నంత మాత్రాన పెట్టుబడి స్వభావం మారుతుందనే భ్రమ మాకు లేదు. అయినా ఆ బల్ల దగ్గరకు వెళ్ళే దారి సగం జనాభాకు మూసి ఉండడాన్ని ఏ కార్మికోద్యమమూ సమర్థించజాలదు.

ఇక ఆ కొలువు స్వరూపాన్ని మన కొలువుతో పోల్చి చూద్దాము. పోస్టల్ అసిస్టెంటుగా చేరిన అమ్మాయికైనా అబ్బాయికైనా 7వ వేతన సంఘం పట్టికలో 4వ లెవెల్, మూలవేతనం 25,500 రూపాయలు. అది ముద్రించబడి ఉన్నది, ఎవరైనా చూడవచ్చు. సీనియారిటీ జాబితా నోటీసు బోర్డుమీద ఉంటుంది. ప్రసూతి సెలవు 180 రోజులు. పిల్లల సంరక్షణ సెలవు సర్వీసు మొత్తంలో 730 రోజులు. అందులో మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తరువాతి 365 రోజులకు నూటికి 80 వంతులు. అన్యాయం జరిగితే అప్పీలు ఉన్నది, ట్రిబ్యునలు ఉన్నది, యూనియను ఉన్నది. మన శాఖలలో స్త్రీలకు కష్టాలు లేవని మేము అనడం లేదు. ఇంజనులో మరుగుదొడ్డి లేక లోకో పైలట్లుగా పనిచేసే సోదరీమణులు పడే అవస్థ మన మహాసభలలో అనేక పర్యాయాలు చర్చకు వచ్చినదే. అయితే ఆ అవస్థకు ఒక పేరు, ఒక ఫైలు నంబరు, దానిపై పోరాడటానికి ఒక వేదిక ఉన్నాయి.

ప్రైవేట్ ఈక్విటీలో జీతం వ్యక్తికీ సంస్థకూ మధ్య రహస్యం. ప్రక్క కుర్చీలోనివారితో జీతం మాట చెప్పరాదనే షరతును నియామకపత్రంలోనే వ్రాసుకొనే సంస్థలు ఈ రంగంలో కొత్త కాదు. అసలు సంపాదన జీతంలో కాక క్యారీలో ఉంటుంది. ఆ వాటా ఎవరికెంత అన్నది పై భాగస్వాములు నిర్ణయిస్తారు. అది ఒక్కసారిగా చేతికి రాదు. సంవత్సరాల తరబడి నిలిచి ఉన్నవారికి కొంత కొంతగా దఖలు పడుతుంది. ముప్పయ్యవ యేటనో ముప్పయి రెండవ యేటనో బిడ్డను కని ఒక సంవత్సరం వెనుకబడిన స్త్రీకి ఆ లెక్కలో ఏమి మిగులుతుంది? ఆమె సెలవులో ఉన్నప్పుడు ఆమె నడిపిన వ్యవహారం ఇంకొకరి పేర వ్రాయబడుతుందా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే పుస్తకం ఆ కార్యాలయపు బీరువాలో ఉంటుందన్న నమ్మకం లేదు.

మన నిబంధనల పుస్తకం ఆకాశం నుండి ఊడిపడలేదని కూడా యువతరం తెలుసుకోవాలి. తపాలా జీవిత బీమా 1884లో మొదలైనది. 1894లో, అప్పటి తపాలా తంతి శాఖలోని స్త్రీ ఉద్యోగులకు అది వర్తింపజేయబడింది. ఆ నాటికి దేశంలో స్త్రీల ప్రాణానికి బీమా ఇచ్చే కంపెనీ మరొకటి లేదు. ఎనభై అయిదు సంవత్సరాలు గడచిన తరువాత కూడా, అనగా 1979లో, విదేశాంగ సర్వీసులో ప్రవేశించిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మ ఢిల్లీలోని సుప్రీంకోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. ఆ సర్వీసులో స్త్రీ వివాహానికి ముందు ప్రభుత్వ అనుమతి పొందాలనీ, వివాహానంతరం సంసార బాధ్యతలు విధులకు అడ్డమని ప్రభుత్వం తలిస్తే రాజీనామా చేయాలనీ నిబంధనలు ఉండేవి. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ వివక్షను తీవ్ర పదజాలంతో ఖండించారు. 1981లో నర్గీస్ మీర్జా కేసులో, తొలి గర్భంతోనే ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం ముగిసే నిబంధనను సుప్రీంకోర్టు కొట్టివేసింది. 1987లో మెకినన్ మెకంజీ అనే నౌకా వ్యాపార సంస్థ కేసులో, మగ స్టెనోగ్రాఫర్లతో సమానమైన పని చేసే స్త్రీ స్టెనోగ్రాఫర్లకు సమాన వేతనం ఇవ్వాలని తీర్పు వచ్చింది.

ఈ మూడు కేసులలోను ఒక సమాన అంశమున్నది. అన్యాయం కాగితంమీద వ్రాసి ఉన్నది, లేదా జీతాల పట్టీలో కనబడినది. కనబడిన దానిని కోర్టు ముందు పెట్టి కొట్టివేయించవచ్చు. వ్రాతలో లేని నియమాన్ని, "మా వాళ్ళతో కలిసిపోయే మనిషి కావాలి" అనే మాట చాటున దాగిన నియమాన్ని ఏ కోర్టు ముందు పెట్టగలము?

చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. కాని అవి పెద్ద ఫ్యాక్టరీని, పెద్ద కార్యాలయాన్ని దృష్టిలో పెట్టుకొని వ్రాయబడినవి. ప్రైవేట్ ఈక్విటీ సంస్థ వేల కోట్లు నడిపినా, దాని కార్యాలయంలో పదిమందో ఇరవైమందో ఉంటారు. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం ప్రకారం, పదిమంది లేక అంతకు మించి ఉద్యోగులున్న చోట అంతర్గత కమిటీ ఉండాలి. పదిమందికి తక్కువైతే జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయాలి. అంతర్గత కమిటీకి సీనియరు మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి. అసలు సీనియరు స్త్రీయే లేని ఆఫీసులో ఆ కుర్చీలో కూర్చునేదెవరు? అదే యజమాని ఆధ్వర్యంలోని వేరొక కార్యాలయం నుండి తీసుకొనరావచ్చునని చట్టం చెప్పుచున్నది. పక్షపాతం లేని విచారణకు అది ఎంతవరకు హామీ? శిశుసంరక్షణ కేంద్రం 2017 ప్రసూతి సవరణ ప్రకారం యాభైమంది ఉద్యోగులున్న చోటనే తప్పనిసరి. ఇరవైమంది ఆఫీసుకు అది వర్తించదు.

2025 నవంబరు 21 నుండి కేంద్ర ప్రభుత్వం నాలుగు లేబర్ కోడ్‌లను అమలులోకి తెచ్చింది. 1976 నాటి సమాన వేతన చట్టం, 1961 నాటి ప్రసూతి సౌకర్యాల చట్టం ఆ కోడ్‌లలో కలిసిపోయాయి. ఆ కోడ్‌లపై కేంద్ర కార్మిక సంఘాల వ్యతిరేకత తెలిసినదే. ఆ చర్చ ఇచ్చట చేయబోము. ఇచ్చట గమనించవలసినది ఒక్కటి. పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోని 'వర్కర్' అనే నిర్వచనంలోకి మేనేజరు స్థాయి, పరిపాలనా స్థాయి ఉద్యోగులు రారు. అనగా అనలిస్టు మెట్టు దాటి పైకి వెళ్ళిన అమ్మాయిని ఉద్యోగం నుండి తొలగిస్తే, గ్యాంగ్‌లో పనిచేసే కార్మికునికి ఉన్నపాటి రక్షణ కూడా ఆమెకు ఉండదు. జీతం ఎక్కువ కావడం వేరు, రక్షణ ఉండడం వేరు. సమాన వేతనం, 26 వారాల ప్రసూతి సెలవు, వేధింపుల చట్టం మాత్రం జీతంతో నిమిత్తం లేకుండా ఆమెకు వర్తిస్తాయి. ఈ సంగతి చాలామంది అమ్మాయిలకు తెలియదు. తెలియజెప్పడం మన పని.

ఢిల్లీ పరిసరాలలో ఈ సమస్యకు మరొక ముఖమున్నది. ఒక కంపెనీ కొనుగోలు ఒప్పందం ముగింపుకు వచ్చినప్పుడు పనికి రాత్రీ పగలూ ఉండదు. మెట్రో రైలు ఇంచుమించు రాత్రి పదకొండు గంటలతో ఆగిపోతుంది. అటుపైన గురుగ్రామ్ నుండి ద్వారకకో, ఘాజియాబాద్‌కో చేరడమెట్లా? ఢిల్లీ విశ్వవిద్యాలయ విద్యార్థులపై గిరిజా బోర్కర్ అనే ఆర్థికవేత్త చేసిన పరిశోధన ప్రసిద్ధమైనది. దారిలో వేధింపులకు భయపడి, ఆడపిల్లలు తమ మార్కులకు దొరకగల మంచి కళాశాలను వదులుకొని, సురక్షితమైన దారి ఉన్న తక్కువ స్థాయి కళాశాలను ఎంచుకొంటున్నారని ఆమె నిరూపించారు. ఎంపిక చేసినది అమ్మాయే. కాని ఆ ఎంపికను ఆమె చేత చేయించినది వీధి. కళాశాల విషయంలో జరిగినదే ఉద్యోగం విషయంలోను జరుగుతుంది. అమ్మాయి మంచి కొలువును వదులుకొన్నప్పుడు "ఆమెకే ఇష్టం లేదు" అని తేల్చివేయడం న్యాయం కాదు.

2023లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన క్లాడియా గోల్డిన్ ఈ విషయాన్ని అమెరికా అనుభవం నుండి వివరించారు. కొన్ని ఉద్యోగాలు వేళాపాళా లేని పనికి గంటల లెక్కను మించిన ప్రతిఫలమిస్తాయి. రెట్టింపు గంటలు పనిచేసినవారికి రెట్టింపు కంటె అధికంగా ముట్టుతుంది. ఇంట్లో బిడ్డను చూడవలసినవారు ఆ పందెంలో వెనుకబడతారు. ఒకే చదువు, ఒకే ప్రతిభ గల భార్యాభర్తలలో కూడా కాలక్రమాన అంతరం ఏర్పడుతుంది. ప్రైవేట్ ఈక్విటీ ఆ కోవకు చెందిన కొలువే. కనుక ఆ రంగంలో స్త్రీలు తక్కువగా ఉండటానికి ఎవరో ఒక దుర్మార్గుడు కారణమని వెదకనక్కరలేదు. పనిని ఏర్పాటు చేసిన తీరులోనే కారణం ఉన్నది. ఏర్పాటు మనుషులు చేసినదే గనుక మనుషులు మార్చగలరు.

"ప్రతిభ ఉంటే ఎవరూ ఆపలేరు" అనే వాదం ఒకటి ఉన్నది. ఉదాహరణకు కొన్ని పేర్లు కూడా చెబుతారు. ఆ పేర్లను మేమూ గర్వంగానే చెబుతాము. అరుంధతీ భట్టాచార్య 2013లో భారతీయ స్టేట్ బ్యాంకుకు తొలి మహిళా చైర్మన్ అయినారు. మన తెలుగింటి ఆడపడుచు పద్మజా చుండూరు ఇండియన్ బ్యాంకు మేనేజింగ్ డైరెక్టరుగా పనిచేశారు. జయా వర్మ సిన్హా 2023లో రైల్వే బోర్డుకు తొలి మహిళా అధ్యక్షురాలు అయినారు. కాని వీరు ఏ దారిని వచ్చారో చూడండి. భట్టాచార్య 1977లో స్టేట్ బ్యాంకులో ప్రొబేషనరీ ఆఫీసరుగా చేరారు. చుండూరు ఉద్యోగ జీవితం కూడా స్టేట్ బ్యాంకులోనే మొదలైనది. జయా వర్మ సిన్హా రైల్వే ట్రాఫిక్ సర్వీసు నుండి వచ్చారు. బహిరంగ ప్రకటన, పోటీ పరీక్ష, వ్రాతపూర్వకమైన పదోన్నతి నియమం ఉన్న చోట స్త్రీలు శిఖరానికి చేరారు. ప్రైవేట్ ఈక్విటీలో రేణుకా రామ్‌నాథ్ పేరు చెబుతారు. నిజమే, ఆమె ఐ.సి.ఐ.సి.ఐ. వర్గంలో పనిచేసి, 2009లో మల్టిపుల్స్ అనే సొంత సంస్థను స్థాపించారు. అది అభినందనీయం. కాని ప్రతి అమ్మాయీ తన కొలువును తానే స్థాపించుకోవాలంటే అది దారి చూపడం కాదు.

విదేశాలలో ఏమి జరిగినది? కాలిఫోర్నియాలో క్లైనర్ పెర్కిన్స్ అనే వెంచర్ పెట్టుబడి సంస్థపై ఎలెన్ పావ్ అనే ఉద్యోగిని 2012లో వివక్ష కేసు వేశారు. 2015లో జ్యూరీ సంస్థకు అనుకూలంగా తీర్పు చెప్పింది, ఆమె ఓడిపోయారు. అయినా ఆ విచారణ వల్లనే ఆ రంగంలో పదోన్నతులు ఎట్లా నిర్ణయమవుతాయో లోకానికి మొదటిసారిగా వివరంగా తెలిసినది. ఒంటరిగా కోర్టుకు వెళ్ళిన వ్యక్తి ఎంత భారం మోయవలసి వస్తుందో కూడా తెలిసినది. బ్రిటనులో 250 మంది లేక అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు స్త్రీ పురుషుల వేతన వ్యత్యాసాన్ని ప్రకటించాలని 2017లో నియమం చేశారు. మంచి నియమమే. కాని ప్రైవేట్ ఈక్విటీ సంస్థలలో అధిక భాగం ఆ సంఖ్యకు తక్కువ గనుక తప్పించుకొనిపోయాయి. మన చట్టాలలో పది, యాభై అనే సంఖ్యలు చేసినదే అక్కడ 250 చేసినది.

అసలైన ఒత్తిడి మరొక దిక్కు నుండి వచ్చింది. ఈ నిధులకు సొమ్మిచ్చే పింఛను నిధులు మొదలైన సంస్థలకు ఐ.ఎల్.పి.ఎ. అనే సంఘమున్నది. 2018లో ఆ సంఘం ఒక ఫారాన్ని తయారుచేసింది. మీ సంస్థలో ఏ స్థాయిలో ఎందరు స్త్రీలున్నారు, పెట్టుబడి నిర్ణయాలు చేసేవారిలో ఎందరున్నారు అని నిధుల నిర్వాహకులను అడిగే ఫారం అది. ఉద్యోగిని అడిగితే "నీవు మాకు సరిపోవు" అనవచ్చు. పత్రిక అడిగితే మౌనం వహించవచ్చు. సొమ్మిచ్చేవాడు అడిగితే మాత్రం సమాధానం చెప్పక తప్పదు. ఆ పింఛను నిధులలో చాలా భాగం ఉపాధ్యాయులు, పురపాలక ఉద్యోగులు, అగ్నిమాపక సిబ్బంది వంటి మనబోటివారి జీతాల నుండి మినహాయించిన సొమ్ము.

మన దేశంలో ఆ ప్రశ్న అడగవలసినదెవరు? 2016లో కేంద్ర ప్రభుత్వం అంకుర పరిశ్రమల కొరకు 10,000 కోట్ల రూపాయలతో 'ఫండ్ ఆఫ్ ఫండ్స్' ప్రారంభించింది. సిడ్బీ ద్వారా ఆ సొమ్ము సెబీలో నమోదైన ప్రైవేటు నిధులకు వెళుతున్నది. 2025 బడ్జెటులో మరో 10,000 కోట్లు ప్రకటించబడినవి. 2015లో ఏర్పడిన జాతీయ పెట్టుబడి, మౌలిక సదుపాయాల నిధిలో కేంద్ర ప్రభుత్వ వాటా నూటికి 49 వంతులు. అది కూడా ఇతర ప్రైవేట్ ఈక్విటీ నిధులలో పెట్టుబడి పెడుతున్నది. ఇది ప్రజల సొమ్ము. మన ఆదాయపు పన్ను అందులో ఉన్నది. స్టాకు ఎక్స్ఛేంజీలో నమోదైన అగ్రశ్రేణి 1,000 కంపెనీలు స్త్రీ ఉద్యోగుల సంఖ్య, ప్రసూతి సెలవు నుండి తిరిగి వచ్చినవారి వివరాలు, వేధింపుల ఫిర్యాదుల లెక్క ప్రకటించాలని సెబీ 2022-23 నుండి తప్పనిసరి చేసింది. కంపెనీల డైరెక్టర్ల నివేదికలో వేధింపుల ఫిర్యాదుల సంఖ్య చూపాలని 2025 జూలై నుండి నిబంధన వచ్చింది. ఆ కంపెనీలను కొని అమ్మే నిధులు మాత్రం ఉద్యోగుల విషయంలో అంతటి వివరమైన లెక్క బయటపెట్టనవసరం లేదు. గ్యాంగ్‌మన్ హాజరు పట్టీ చూసే దేశంలో ఈ మినహాయింపు దేనికి?

కాబట్టి మా డిమాండ్లు మూడు. మొదటిది, ప్రభుత్వ సొమ్ము పుచ్చుకొనే ప్రతి నిధీ, ఉద్యోగుల సంఖ్య ఎంత తక్కువైనా సరే, స్థాయిలవారీగా స్త్రీ పురుషుల సంఖ్యను, జీతం, క్యారీలలో వారి వాటాను ఏటా ప్రకటించాలి. రెండవది, నిధి ప్రారంభంలో పెట్టుబడిదారులకు ఇచ్చే ప్లేస్‌మెంట్ మెమొరాండంలో ఈ వివరాలు చేర్చాలని సెబీ నియమం చేయాలి. మూడవది, వేధింపుల కమిటీ, శిశుసంరక్షణ కేంద్రం విషయంలో ఉద్యోగుల సంఖ్యనే కాక సంస్థ నిర్వహించే సొమ్ము పరిమాణాన్ని కూడా కొలబద్దగా తీసుకోవాలి. చిన్న ఆఫీసులు కొన్ని కలిసి ఒకే భవనంలో ఉమ్మడి శిశుసంరక్షణ కేంద్రం నడపడం అసాధ్యమేమీ కాదు. అద్దాల మేడలో ఉమ్మడి క్యాంటీను ఉండగా ఉమ్మడి క్రెష్ ఎందుకుండరాదు?

చట్టం మారేవరకు మన అమ్మాయిలు చేయగలిగినదేమిటి? నియామకపత్రంపై సంతకం చేయకముందే కొన్ని ప్రశ్నలు అడగాలి. పెట్టుబడి నిర్ణయాలు చేసే కమిటీలో స్త్రీలెందరు? గత అయిదు సంవత్సరాలలో చేరిన స్త్రీలలో ఎందరు ఇంకా ఉన్నారు, ఎందరికి పదోన్నతి వచ్చింది? క్యారీలో వాటా ఏ స్థాయి నుండి ఇస్తారు? ప్రసూతి సెలవు కాలం ఆ లెక్కలో కలుస్తుందా, మినహాయింపబడుతుందా? ప్రసూతి సౌకర్యాలను నియామక సమయంలోనే వ్రాతమూలకంగా తెలియజేయాలని 2017 సవరణ విధించింది. ఆ కాగితం ఏది? అంతర్గత కమిటీ అధ్యక్షురాలి పేరేమి, బయటి సభ్యురాలు ఎవరు? రాత్రి ఆలస్యమైతే ఇంటికి చేర్చే వాహనం సంస్థదా, తనదా? కొత్త కోడ్ ప్రకారం రాత్రి ఏడు తరువాత, ఉదయం ఆరుకు ముందు స్త్రీ చేత పనిచేయించాలంటే ఆమె సమ్మతి కావాలి, భద్రతా ఏర్పాట్లు ఉండాలి. ఆ సమ్మతి పత్రాన్ని చదవకుండా సంతకం చేయరాదు. ఈ ప్రశ్నలకు మర్యాదగా సమాధానం చెప్పిన సంస్థకు, ముఖం చిట్లించిన సంస్థకు మధ్య తేడాయే అసలైన సమాచారం. అక్కడ పనిచేసి మానుకొన్న స్త్రీలను కలుసుకొని విచారించడం అన్నింటికంటె మేలు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. "గవర్నమెంటు ఉద్యోగమే చూసుకో, అమ్మా" అని మనం తేలికగా అంటాము. ఆ మాటలో ప్రేమ ఉన్నది, భయమూ ఉన్నది. మగపిల్లవానితో ఆ మాట అదే స్వరంతో అంటున్నామా అని ఆలోచించాలి. అమ్మాయి ధైర్యంగా కఠినమైన కొలువును ఎంచుకొంటే ఆమెకు కావలసినది వారింపు కాదు, ఆమె వెనుక ఒక బలగమున్నదన్న భరోసా. ఆ బలగాన్ని సిద్ధం చేయడానికి ప్రతి బ్రాంచిలోను చట్టం తెలిసిన ఇద్దరు ముగ్గురు సోదరీమణులతో ఒక సలహా బృందాన్ని ఏర్పాటు చేయాలని మేము కోరుతున్నాము. సభ్యుల కుమార్తెలు ఎక్కడ పనిచేస్తున్నా, నియామకపత్రం చేతబట్టుకొని వచ్చి సలహా అడగగలగాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ప్రతి బ్రాంచి కార్యవర్గంలో స్త్రీలెందరో కూడా ఏటా మన పత్రికలో ప్రకటిద్దాము. లెక్క అడిగే హక్కు లెక్క చూపేవారికే ఉంటుంది.

ఢిల్లీ మెట్రోలో దక్షిణ క్యాంపస్ దగ్గర ఒక స్టేషనుకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరున్నది. రోజూ వేలమంది అమ్మాయిలు అక్కడ ఎక్కి దిగుతారు. రాజమండ్రిలో పుట్టి, రాజ్యాంగ సభలో కూర్చుని, ప్రణాళికా సంఘంలో సభ్యురాలై, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైన తెలుగు మహిళ ఆమె. స్త్రీల చదువు కొరకు, స్వావలంబన కొరకు ఆమె ఉపన్యాసాలతో సరిపెట్టుకొనలేదు; సంస్థలు కట్టారు. ఆంధ్ర మహిళా సభ అట్లా పుట్టినదే. వ్యక్తి ధైర్యం ఒక తలుపును ఒకసారి తెరుస్తుంది. సంస్థ, నియమం ఆ తలుపు మళ్ళీ మూసుకొనకుండా పట్టి ఉంచుతాయి. గురుగ్రామ్ మేడలలోని ఆ తలుపులను ఇప్పటికి మన ఆడపిల్లలు ఒక్కొక్కరుగా తడుతున్నారు. రాబోయే సర్కిల్, డివిజన్ మహాసభలలో పై మూడు డిమాండ్లపై తీర్మానాలు చేసి, సెబీకి, ఆర్థిక మంత్రిత్వ శాఖకు, మీ ప్రాంత పార్లమెంటు సభ్యులకు పంపవలసిందిగా బ్రాంచి కార్యదర్శులందరినీ కోరుతున్నాము.